మొదటి ఎలక్ట్రిక్ గిటార్: బాడీ మనం చేద్దాం, నెక్ కొనుక్కుందాం

నేను చేసిన మొదటి గిటార్ బాడీ ఇప్పటికీ మా అటక మీద ఉంది. దుమ్ము దులిపి చూపిస్తే ఎవరైనా బాగుందనే అంటారు. పాత టేకు, నూనె పూత, నున్నటి అంచులు. ఒక్కటే లోపం, శృతిలో మోగదు. నట్, అంటే వేళ్లతో నొక్కే పొడవాటి నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ, అక్కణ్ణుంచి 648 మిల్లీమీటర్లు కొలిచి బ్రిడ్జ్ (బాడీ మీద తీగల రెండో చివరని పట్టుకునే భాగం) బిగించాలని చదివాను, కొలిచాను కూడా. కాకపోతే బ్రిడ్జ్ రేకు వెనక అంచుకి కొలిచాను. తీగ ఆనేది రేకు అంచు మీద కాదు, దాని మీద ముందుకీ వెనక్కీ జరిగే చిన్న దిమ్మల మీద, అంటే సాడిళ్ల మీద. సాడిళ్లన్నిటినీ స్క్రూ తిరిగినంత వెనక్కి లాగినా ఇంకా సెంటీమీటరు దాకా తేడా మిగిలింది. టెలికాస్టర్ అనే ఈ రకం గిటార్‌లో బ్రిడ్జ్ పికప్ (తీగ కదలికని కరెంటు సంకేతంగా మార్చే భాగం) ఆ రేకులోనే వేలాడుతుంది కాబట్టి దాని కోసం తవ్విన గుంత కూడా తప్పు చోటే పడింది. స్క్రూ కన్నాలైతే పూడ్చుకోవచ్చు, అంత గుంతని ఏం చేస్తాం?

ఈ పనిలో తప్పితే ఇక దిద్దుకోలేని కొలతలు రెండే. ఒకటి నట్ నుంచి సాడిల్ దాకా దూరం. రెండోది బాడీ మధ్యలో గీసుకునే నడుమ గీత. మిగతా తప్పులన్నీ ఉప్పు కాగితంతోనో, పిక్‌గార్డ్ (బాడీ పైన బిగించే పలుచటి రేకు) కింద దాచేసో సర్దుకోవచ్చు. అందుకే ఈ రెండు చోట్ల నెమ్మదిగా నడుద్దాం, మిగతా చోట్ల కాస్త వేగంగా.

ఏ గిటార్ మొదలుపెట్టాలి

టెలికాస్టరే. ఇందులో నా ఇష్టం కంటే దాని నిర్మాణమే కారణం. లియో ఫెండర్ అమెరికాలో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసుకునే మనిషి. గిటార్ వాయించడం ఆయనకి రాదు. 1950లో తెచ్చిన ఆ గిటార్‌ని వాద్యంలా కాకుండా రేడియోలా ఆలోచించి చేశాడు. బాడీ ఒక చదును పలక. నెక్ జిగురుతో అతికించింది కాదు, నాలుగు స్క్రూలతో బిగించింది. పాడైతే విప్పి ఇంకోటి వేసుకోవచ్చు. 1951లో దాని పేరు టెలికాస్టర్ అయ్యింది. ఆ నాలుగు స్క్రూలే ఇవాళ మన పాలిట వరం. లెస్ పాల్ అనే ఇంకో రకం గిటార్ చెయ్యాలంటే పైభాగం ఉబ్బెత్తుగా చెక్కాలి, నెక్‌ని ఏటవాలుగా అతికించాలి. మొదటిసారికి అది వద్దు.

నెక్ ఎందుకు కొనమంటున్నానంటే, అందులో 21 లేదా 22 ఫ్రెట్లకి, అంటే వీణ మెట్ల లాంటి లోహపు పట్టీలకి, గాడులు కొయ్యాలి. 648 మి.మీ. స్కేలులో (నట్ నుంచి సాడిల్ దాకా తీగ పొడవునే స్కేలు అంటారు) మొదటి ఫ్రెట్ నట్ నుంచి 36.37 మి.మీ. దూరంలో ఉంటుంది, రెండోది అక్కణ్ణుంచి 34.33 మి.మీ., అలా తగ్గుతూ పన్నెండోది సరిగ్గా సగం దగ్గర, 324 దగ్గర పడుతుంది. లోపల ట్రస్ రాడ్, అంటే నెక్ వంపు సరిచేసే కడ్డీ, కూడా కూర్చోబెట్టాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లు మేళం కట్టేటప్పుడు 24 మెట్లనీ మైనం మీద నిలబెట్టి, చెవితో వింటూ సర్దుతారు. మైనం కాస్త మెత్తబడితే మెట్టు కదులుతుంది. గిటార్ ఫ్రెట్‌కి ఆ వెసులుబాటు లేదు, సుత్తితో కొట్టాక అక్కడే. నెక్ రెండో గిటార్‌కో మూడో గిటార్‌కో చేసుకుందురు గాని.

ఖర్చు తగ్గుతుందని మాత్రం దిగకండి. బజారులో దొరికే మామూలు గిటార్ కంటే ఇదే ఎక్కువ పడుతుంది, పైగా పనిముట్ల లెక్క వేరు.

ముందు సామాను, తర్వాత కర్ర

కర్ర కొయ్యకముందే అన్ని భాగాలూ మీ టేబుల్ మీద ఉండాలి. నెక్, బ్రిడ్జ్, రెండు పికప్‌లు, మూడు పొజిషన్ల స్విచ్, వాల్యూమ్‌కీ టోన్‌కీ రెండు పొటెన్షియోమీటర్లు (పాట్లు), కేబుల్ గుచ్చే జాక్, తీగలు బిగించే ఆరు ట్యూనర్లు, నెక్ ప్లేటు, స్ట్రాప్ బటన్లు. ఎందుకంటే ఒకే పేరుతో అమ్మే భాగాలు కూడా కొన్ని అంగుళాల కొలతల్లో, కొన్ని మిల్లీమీటర్ల కొలతల్లో వస్తాయి. నెక్ అడుగు వెడల్పు సాధారణంగా 56 మి.మీ. ఉంటుంది. మీకొచ్చింది 55.5 ఉండొచ్చు, ఆ అర మిల్లీమీటరు చాలు నెక్ వదులుగా ఆడటానికి. నెట్‌లో దొరికే ప్లాన్ని కాదు, మీ చేతిలో ఉన్న వస్తువుని నమ్మండి. రెండొందలకో మూడొందలకో ఒక వెర్నియర్ కాలిపర్ కొనుక్కోండి, చవకదైనా పర్లేదు.

నెక్ కొనేటప్పుడు 25.5 అంగుళాల (అంటే 648 మి.మీ.) స్కేలు అని స్పష్టంగా రాసి ఉందో లేదో చూడండి. 24.75 కూడా దొరుకుతుంది. ఆ నెక్‌కి లెక్కలన్నీ మారిపోతాయి. బ్రిడ్జ్ ఆరు సాడిళ్లది తీసుకోండి. పాత పద్ధతి మూడు సాడిళ్లది చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ, రెండేసి తీగలకి ఒకటే సాడిల్ కావడంతో శృతి దగ్గర రాజీ పడాల్సిందే. తీగలు బాడీ వెనక నుంచి దూర్చే రకం కాకుండా, బ్రిడ్జ్ వెనక అంచులోంచే దూర్చే రకమైతే ఆరు కన్నాలు నిటారుగా పెట్టే బాధ తప్పుతుంది. చేతి డ్రిల్‌తో 45 మి.మీ. మందంలో ఆరు కన్నాలు ఒకే వరసలో తేల్చడం కష్టం. వెనక్కి తిప్పి చూస్తే పళ్లు ఊడిన నోరులా ఉంటుంది.

పనిముట్లలో జిగ్‌సా, డ్రిల్, రౌటర్ ముఖ్యం. రౌటర్ అంటే వడ్రంగులు ట్రిమ్మర్ అని పిలిచే చిన్న మిషను. దానికి బేరింగ్ ఉన్న బిట్లు రెండు కావాలి, ఒకటి పొడుగుది, ఒకటి పొట్టిది. పొట్టిది ఎందుకో కింద చెప్తాను. ఇవి కాక నాలుగు క్లాంపులు, ఒక మంచి ఉలి, ఆకురాయి, కళ్లద్దాలు, మాస్క్. టేకు పొడి ముక్కులోకి పోతే రెండు రోజులు తుమ్ములే. లుంగీ, చున్నీ, వదులు చొక్కా చేతులు ఏవీ మిషను దగ్గరికి రాకూడదు. బిట్ మార్చేటప్పుడు స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గే పీకెయ్యండి.

కర్ర ఎక్కడ దొరుకుతుంది

ఫెండర్ వాళ్లు యాష్, ఆల్డర్ వాడారు. అవి మన అడితిలో అడిగితే వింతగా చూస్తారు. మనకి మహాగని, టేకు, పనస ఉన్నాయి. బొబ్బిలి, నూజివీడు వీణలు పనసతోనే చేస్తారు కాబట్టి దాని గురించి దిగులక్కర్లేదు. మామిడి తేలిక, చవక, కానీ పురుగు పట్టే గుణం ఉంది, మందు కొట్టింది కాకపోతే తీసుకోకండి. ఎర్రచందనం మాట ఎత్తకండి. జపాన్‌లో దాంతో షామిసెన్ అనే తీగ వాద్యం చేస్తారన్నది నిజమే, కానీ నీళ్లలో మునిగేంత బరువున్న కర్రతో గిటార్ చేసి భుజాన మొయ్యలేం. కేసుల గొడవ ఎలాగూ ఉంది.

నా ఓటు పాత ఇళ్ల కలపకి. పడగొట్టిన ఇళ్ల ద్వారబంధాలు, దూలాలు అమ్మే దుకాణాలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. యాభై ఏళ్లు గోడలో ఉండి ఆరిన కర్ర ఇక వంగేది లేదు. కొత్త కర్ర అయితే మీ ఇంట్లోనే రెండు నెలలు పడుకోబెట్టాలి. పాతదాంట్లో ఒకటే ప్రమాదం, మేకులు. పాత స్పీకర్ అయస్కాంతాన్ని దాని మీద నెమ్మదిగా పాకించండి. మేకున్న చోట అయస్కాంతం చెయ్యి లాగుతుంది. మేకు మీదికి రౌటర్ బిట్ వెళ్లిందంటే బిట్టూ పోతుంది, ఒక్కోసారి కన్నూ పోతుంది.

కొలత: 20 అంగుళాల పొడవు, 7 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం ఉన్న ముక్కలు రెండు. సీఎఫ్‌టీ (ఘనపుటడుగు) లెక్కలో మూడో వంతు కూడా రాదు. అడితిలో అంత తక్కువ అమ్మం అంటే, కోత మిగుల్లో చూడమని అడగండి, ఎక్కడో మూల దొరుకుతుంది. చేవ ఉన్న ముక్కే తీసుకోండి, అంచున తెల్లగా ఉండే భాగం వద్దు. టేకు బాడీ పూర్తయ్యాక మూడు కిలోల దాకా తూగుతుంది, మహాగని ఇంకాస్త తేలిక.

అతికించడం, నడుమ గీత

రెండు ముక్కల అంచుల్నీ చిత్రిక పట్టించి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టి ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకోండి. అతుకులోంచి వెలుతురు గీత కనిపిస్తే మళ్లీ చిత్రిక పట్టాలి. క్లాంపు గట్టిగా బిగిస్తే సందు మూసుకుంటుందిలే అనుకోవద్దు. ఇవాళ మూసుకుంటుంది, వచ్చే ఏడాది విడిపోతుంది. టేకులో నూనె ఉంటుంది, జిగురు సరిగ్గా పట్టదు. అంచుని అసిటోన్‌తో తుడిచి, అది ఆరగానే ఫెవికాల్ రాసి క్లాంపులు వెయ్యండి. ఒక రోజు కదపకండి. తర్వాత వడ్రంగి మిల్లులో ఇచ్చి 44 లేదా 45 మి.మీ. మందానికి చదును చేయించండి. ఈ పని ఇంట్లో చెయ్యాలని పంతం పట్టకండి, మిల్లులో పది నిమిషాల పని.

ఇప్పుడు నడుమ గీత. అతుకు ఉంది కదా, అదే గీత అనుకోవచ్చు, కానీ అతుకు కనిపించనంత బాగా కుదిరితే మీకే దొరకదు. సన్నటి పెన్సిలుతో పైన, కింద, రెండు చివరలా గీయండి. చివరలు మర్చిపోకండి. పైన ఉన్న గీత రౌటర్ తవ్వాక సగం పోతుంది, అప్పుడు చివరల గుర్తులే మళ్లీ కలిపి గీసుకోవడానికి ఆధారం. పూత వేసే రోజు దాకా ఆ గీత చెరపొద్దు.

టెంప్లేట్, కొయ్యడం

టెలికాస్టర్ ఆకారం అసలు సైజులో ఉన్న ప్లాన్లు తేలిగ్గా దొరుకుతాయి. ప్లాటర్ (పెద్ద షీట్ల ప్రింటర్) ఉన్న జిరాక్స్ షాపులో ఒకే షీట్ మీద తియ్యండి. ప్రింట్ చేతికి రాగానే అందులో ఉన్న కొలత గీతని స్కేలుతో చూసుకోండి. షాపువాడు "కాగితానికి సరిపోయేలా" అనే ఆప్షన్ నొక్కి ఉంటే 100 మి.మీ. గీత 97 అయి ఉంటుంది. దాన్ని 12 మి.మీ. ఎమ్‌డీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన పలక) మీద అతికించి, కోసి, అంచుల్ని ఆకురాయితో సాపు చెయ్యండి. ఇదే మన టెంప్లేట్, అంటే అచ్చు. ఇందులో ఏ గుంట ఉంటే బాడీలో అదే గుంట వస్తుంది, కాబట్టి ఎమ్‌డీఎఫ్ మీద గంట ఎక్కువ కూర్చుంటే కర్ర మీద రోజు మిగులుతుంది.

జిగ్‌సాతో గీత మీద కొయ్యకండి. మూడు నాలుగు మిల్లీమీటర్లు బయట కొయ్యండి. 45 మి.మీ. మందంలో జిగ్‌సా బ్లేడు కింద వైపు వంగుతుంది. పైన గీత మీదున్నట్టే కనిపిస్తుంది, తిప్పి చూస్తే లోపలికి దూసుకుపోయి ఉంటుంది. మిగిలింది రౌటర్‌తో. టెంప్లేట్‌ని రెండు వైపులా అంటుకునే టేపుతో బాడీ మీద నడుమ గీతకి సరిగ్గా పెట్టి, బేరింగ్ దాని అంచు మీద దొర్లేలా పోనివ్వండి. ఒక్కో విడతకి 5 మి.మీ. లోతు మించకండి. బయటి అంచు తీసేటప్పుడు గడియారానికి ఎదురు దిక్కులో తిరగాలి, గుంతల లోపల తవ్వేటప్పుడు గడియారం దిక్కులో. తిరగేస్తే మిషను చేతిలోంచి పరిగెత్తుతుంది. కొమ్ము (నెక్ పక్కన బాడీ పొడుచుకొచ్చే మొన) చివర నార అడ్డంగా తెగే చోట చెక్క చిట్లిపోయే గండం ఉంది, అక్కడ ఒకటి రెండు మిల్లీమీటర్లే తీస్తూ పోండి. టెంప్లేట్ లోతు దాటాక దాన్ని ఊడదీసి, అప్పటికే తెగిన గోడ మీదే బేరింగ్ దొర్లించి కిందికి దిగొచ్చు.

అపార్ట్‌మెంట్లో ఉంటే ఈ పని ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోకండి. పక్కింటివాళ్లతో మళ్లీ మాటలుండవు.

నెక్ పాకెట్

బాడీలో నెక్ అడుగు కూర్చునే గుంతే పాకెట్. గిటార్ మోగడంలో కర్ర జాతి కంటే దీని బిగువే ముఖ్యమని నా నమ్మకం. వాదనకి రావచ్చు. ప్లాన్లో ఇచ్చిన పాకెట్ ఆకారాన్ని వాడొద్దు. మీ నెక్కే కొలబద్ద.

నెక్ మీద నట్ మధ్యలో ఒక గుర్తు, అడుగు చివర మధ్యలో ఒక గుర్తు మాస్కింగ్ టేపు మీద పెట్టుకోండి. నెక్‌ని బాడీ మీద ఉండాల్సిన చోట పడుకోబెట్టి, పొడవాటి స్టీలు స్కేలుతో రెండు గుర్తులూ నడుమ గీత మీదే పడేలా సర్దండి. కదలకుండా ఒక క్లాంపు వెయ్యండి. ఇప్పుడు నిటారు అంచున్న మూడు ఎమ్‌డీఎఫ్ పట్టీలు తీసుకుని, ఒకటి నెక్ ఎడమ పక్క, ఒకటి కుడి పక్క, ఒకటి అడుగు చివర, ఒరుసుకునేలా టేపుతో అతికించండి. నెక్ తీసేస్తే దాని అచ్చే మిగులుతుంది. ఏటవాలు ఎంతుందో, వెడల్పు ఎంతుందో లెక్క మీరు వెయ్యక్కర్లేదు, పట్టీలే పట్టుకున్నాయి.

పొట్టి బిట్ ఇక్కడ కావాలి. పట్టీ మందం 12 మి.మీ. మీ బిట్ కోసే భాగం 25 మి.మీ. ఉంటే, మొదటి విడతలో బేరింగ్ పట్టీకి పైన గాల్లో ఉంటుంది. దేనికీ ఆనదు, బిట్ పట్టీనే తినేస్తుంది. కోసే భాగం 12 మి.మీ. ఉన్న పొట్టి బిట్ అయితే మొదటి నుంచీ బేరింగ్ పట్టీ మీదే ఉంటుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, రెండు పట్టీలు పాడయ్యాక తెలిసింది.

లోతు: నెక్ అడుగు మందంలోంచి 9.5 మి.మీ. తీసెయ్యండి. మందం 25.4 ఉంటే పాకెట్ లోతు సుమారు 16. ముందు పెద్ద డ్రిల్ బిట్‌తో లోపలి చెక్క చాలావరకు తీసేస్తే రౌటర్‌కి భారం తగ్గుతుంది. చివర మూలల్లో బిట్ గుండ్రంగా వదిలేసిన చెక్కని ఉలితో తియ్యండి. సరిగ్గా కుదిరిందో లేదో చూడాలంటే, స్క్రూలు లేకుండా నెక్ దూర్చి, నెక్ పట్టుకుని బాడీని పరుపు మీద నాలుగంగుళాలు పైకెత్తండి. జారకపోతే పాకెట్ కుదిరినట్టే. జారితే పక్కల్లో పలుచటి చెక్క పొర అతికించి మళ్లీ చూడండి. కాగితం మాత్రం పెట్టొద్దు.

స్క్రూల కన్నాలు బాడీలో వదులుగా ఉండాలి, 4.5 నుంచి 5 మి.మీ. నెక్‌లో 3 మి.మీ. బాడీలో కూడా మర పట్టేస్తే నెక్‌ని కిందికి లాగే బలం పోతుంది. 45 మి.మీ. స్క్రూ అయితే నెక్‌లోకి 14, 15 మి.మీ. వెళ్తుంది, చాలు. డ్రిల్ బిట్‌కి ఆ లోతు దగ్గర టేపు చుట్టుకోండి, లేకపోతే ఫ్రెట్‌బోర్డ్ (ఫ్రెట్లుండే పైపలక) లోంచి బయటికొస్తుంది. స్క్రూకి కొవ్వొత్తి రాస్తే తల తెగకుండా దిగుతుంది.

బ్రిడ్జ్: కొలవండి, టీ తాగి రండి, మళ్లీ కొలవండి

నెక్ బిగించి ఉంచండి. నట్‌కి ఫ్రెట్‌బోర్డ్ వైపు ముఖం నుంచి నడుమ గీత వెంబడి 648 మి.మీ. కొలిచి అడ్డంగా గీత గీయండి. నమ్మకం కోసం నట్ నుంచి పన్నెండో ఫ్రెట్ నడినెత్తికి కొలవండి, 324 రావాలి. అక్కణ్ణుంచి ఇంకో 324 కొలిస్తే అదే గీత దగ్గర తేలాలి. తేలకపోతే టేపు తప్పో, నెక్ స్కేలు వేరో, ఏదో ఒకటి. తేల్చుకోకుండా ముందుకెళ్లొద్దు.

ఇప్పుడు బ్రిడ్జ్ తీసుకుని, సన్న తీగ, అంటే ఒకటో తీగ సాడిల్‌ని స్క్రూతో ముందుకి తెచ్చి, ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకెళ్లే చోటు మిగిలేలా ఆపండి. ఆ సాడిల్ మీద తీగ ఆనే శిఖరం గీత మీద పడాలి. రేకు అంచు కాదు, శిఖరం. మిగతా సాడిళ్లు దీని వెనకే ఉంటాయి. తీగని ఫ్రెట్ మీద నొక్కితే అది కాస్త సాగుతుంది, దానివల్ల స్వరం కొద్దిగా పైకి పోతుంది. లావు తీగ బిరుసుగా ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ పోతుంది. దానికి విరుగుడు తీగ పొడవు పెంచడమే. ఆరో తీగ సాడిల్ గీతకి నాలుగైదు మిల్లీమీటర్లు వెనక తేలడం మామూలే, ఆ చోటు ఉండాలి.

పొడవు కుదిరింది, ఇక పక్కలు. రెండు కుట్టుదారాలు తీసుకుని నట్ గాడుల్లోంచి ఒకటో సాడిల్ మీదికి ఒకటి, ఆరో సాడిల్ మీదికి ఒకటి బిగువుగా లాగండి. చివరి ఫ్రెట్ దగ్గర వంగి చూడండి. ఫ్రెట్‌బోర్డ్ అంచుకీ దారానికీ మధ్య రెండు వైపులా ఒకటే ఖాళీ ఉండాలి. ఒక వైపు తక్కువుంటే వాయించేటప్పుడు తీగ అంచు దాటి జారిపోతుంది. బ్రిడ్జ్‌ని అటో ఇటో జరిపి, కుదిరాక టేపుతో కదలకుండా అతికించి, ఇక ఆపండి. ఒక టీ తాగి వచ్చి 648 ఇంకోసారి కొలిచాకే కన్నాలు. 2.5 మి.మీ. బిట్. ఆ రేకు లోపలి ఖాళీనే అచ్చుగా పెట్టుకుని బ్రిడ్జ్ పికప్ గుంత గీసుకోండి.

మిగతా గుంతలు తేలిక. పికప్‌లకి 19, 20 మి.మీ. లోతు, స్విచ్, పాట్లు ఉండే గుంతకి 38 మి.మీ. నెక్ వైపు పికప్ నుంచి బ్రిడ్జ్ పికప్‌కి, అక్కణ్ణుంచి కంట్రోల్ గుంతకి పొడవాటి బిట్‌తో వైరు దారి. పక్కన జాక్‌కి 22 మి.మీ. కన్నం. బ్రిడ్జ్ కింద నుంచి కంట్రోల్ గుంతలోకి ఒక సన్న కన్నం కూడా పెట్టండి, గ్రౌండ్ వైరుకి. దీన్ని పూత అయ్యాక గుర్తుచేసుకునేవాళ్లే ఎక్కువ.

పూతకి ముందు ఒకసారి పచ్చిగా

అన్నీ బిగించి, ఒకటో తీగ, ఆరో తీగ మాత్రం వేసి శృతి చెయ్యండి. తీగలు నెక్ మీద మధ్యలో ఉన్నాయా, సాడిళ్లు కిందికీ పైకీ కదలడానికి చోటుందా, పన్నెండో ఫ్రెట్ దగ్గర స్వరం కుదురుతోందా చూసుకోండి. ఈ దశలో ఏ తప్పున్నా గంట పని. పూత అయ్యాక తెలిస్తే ఏడుపే.

విప్పేసి, అంచుల్ని 3 మి.మీ. గుండ్రం చేసి, 80తో మొదలుపెట్టి 120, 180, 240, 320 వరకు ఉప్పు కాగితం పట్టండి. నెంబరు దాటెయ్యకండి. 80 గీతలు 320తో పోవు, నూనె పడగానే నవ్వుతూ బయటికొస్తాయి. ఎప్పుడూ నార వెంబడే రుద్దాలి. 240 తర్వాత తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే నార లేస్తుంది, అప్పుడు 320 పట్టండి.

మొదటిసారికి స్ప్రే పెయింట్ వద్దు, నూనె పూత చాలు. అవిసె నూనెతో చేసిన వుడ్ ఆయిల్ గుడ్డతో రాసి, పదిహేను నిమిషాలకి తుడిచేసి, రోజుకొకటి చొప్పున నాలుగైదు పూతలు. స్ప్రే లాకర్ అయితే వానాకాలంలో తేమకి తెల్లగా పాలిపోతుంది. ఒక్క జాగ్రత్త, నూనె గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడెయ్యకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరేశాకే పారెయ్యండి.

వైరింగ్

సింగిల్ కాయిల్ (ఒకే వైరు చుట్ట ఉన్న) పికప్‌లకి 250 కిలో ఓమ్‌ల పాట్లు, టోన్‌కి 0.022 లేదా 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్. పాట్ మీద ఇంగ్లీషు A అక్షరం ఉన్నది తీసుకోండి. B అయితే వాల్యూమ్ చివర్లో ఒక్కసారిగా పడిపోయినట్టుంటుంది. పికప్‌తో వచ్చే వైరింగ్ బొమ్మనే అనుసరించండి. టంకం వేసే చోట మాత్రం ఒక మాట. బజారులో అందరి దగ్గరా ఉండే 25 వాట్ల ఐరన్ పాట్ వీపు మీద పనిచెయ్యదు. ఆ రేకు వేడినంతా లాగేసుకుంటుంది, సీసం గుండ్రంగా బిళ్లలా కూర్చుని తర్వాత ఊడిపోతుంది. వీపుని ఉప్పు కాగితంతో గీకి, 60 వాట్ల ఐరన్‌తో మూడు నాలుగు సెకన్లలో ముగించండి. ఎక్కువసేపు పెడితే పాట్ లోపల కాలుతుంది.

మూత వెయ్యకముందు మల్టీమీటర్ పెట్టండి. కేబుల్ గుచ్చి దాని రెండో చివర కొలిస్తే, వాల్యూమ్ పూర్తిగా పెట్టినప్పుడు సింగిల్ కాయిల్‌కి 6, 7 కిలో ఓమ్‌లు చూపించాలి. సున్నా చూపిస్తే ఎక్కడో షార్ట్, అనంతం చూపిస్తే ఎక్కడో తెగింది. బ్రిడ్జ్‌కీ జాక్ గ్రౌండ్‌కీ బీప్ రావాలి. ఆంప్లిఫయర్‌కి కలిపాక గుయ్యిమని హమ్ వస్తే, తీగల మీద చెయ్యి వేసి చూడండి. తగ్గితే గ్రౌండ్ సరిగ్గా ఉంది, కాస్త హమ్ సింగిల్ కాయిల్ పుట్టుకతో వచ్చిందే. చెయ్యి వేస్తే పెరిగితే జాక్ దగ్గర రెండు వైర్లూ తారుమారయ్యాయి. ఏ మార్పూ లేకపోతే ఆ సన్న కన్నంలో వైరు మర్చిపోయారు.

సెటప్

10-46 తీగలు (సన్నది 0.010, లావుది 0.046 అంగుళం) వెయ్యండి. శృతిలో ఉన్నప్పుడు ఆరు తీగలూ కలిసి నెక్‌ని సుమారు 45 కిలోల బలంతో లాగుతాయి. అందుకే ఒక రాత్రి అలాగే వదిలేసి పొద్దున్నే మొదలుపెట్టాలి. వరస మార్చకండి: ముందు నెక్ వంపు, తర్వాత తీగల ఎత్తు, చివర సాడిళ్లు. సాడిళ్లు ముందు సర్ది ఎత్తు తర్వాత మారిస్తే చేసిందంతా దండగ.

ఆరో తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగ కింద ఖాళీ చూడండి. 0.2, 0.25 మి.మీ. ఉండాలి, విజిటింగ్ కార్డు కాస్త బిగువుగా దూరేంత. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ని గడియారం దిక్కులో పావు తిప్పండి, తక్కువుంటే ఎదురు. పావు తిప్పు మించకండి, తిప్పాక శృతి చేసి మళ్లీ చూడండి. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు సన్న వైపు 1.6, లావు వైపు 2 మి.మీ. దగ్గర పెట్టుకోండి. ఒక్క చోటే తీగ గరగరమంటే అక్కడ ఒక ఫ్రెట్ పైకి లేచి ఉంటుంది. ఏటీఎం కార్డు అంచుని మూడు ఫ్రెట్ల మీద నిలబెట్టండి. ఊగితే మధ్యలోదే దొంగ. చెక్క ముక్క అడ్డుపెట్టి నెమ్మదిగా తట్టి చూడండి, చాలాసార్లు దిగుతుంది.

ఇక సాడిళ్లు. పన్నెండో ఫ్రెట్ మీద తీగని తేలిగ్గా తాకి మీటినప్పుడు వచ్చే స్వరం, అక్కడే నొక్కి మీటినప్పుడు వచ్చే స్వరం, రెండూ శృతి చూపే ఎలక్ట్రానిక్ ట్యూనర్‌లో ఒకటే చూపాలి. నొక్కినది ఎక్కువైతే సాడిల్ వెనక్కి, తక్కువైతే ముందుకి. స్క్రూ తిప్పిన ప్రతిసారీ శృతి చేసుకోండి. ఆరు తీగలకీ ఓ గంట పడుతుంది.

కొత్త నెక్ మన వాతావరణానికి అలవాటు పడటానికి ఒక ఏడాది పడుతుంది. వానలు మొదలయ్యాక ఒకసారి, ఎండలు ముదిరాక ఒకసారి ఆ విజిటింగ్ కార్డు పరీక్ష చెయ్యండి. నెక్‌తో వచ్చిన అలెన్ కీని డ్రాయర్లో దాచకుండా గిటార్ సంచి జేబులోనే ఉంచండి.